సత్తు పడవ కబుర్లు

ఏమర్రా పిల్లలూ, ఆ చాప ఇటు లాక్కుని కూచోండి. అరుగు మీద ఎండ తగ్గింది, గాలి కూడా బాగుంది. మీ మావయ్య ఫోనులో చూపించిన పడవ కథేమిటో చెప్పమని చంటాడు పొద్దున్నించీ నా వెనకే తిరుగుతున్నాడు. చెబుతాను. కానీ అది ఒక్క పడవ కథ కాదురా. అందులో యుద్ధ విమానాలున్నాయి, ఒక చక్రవర్తి భోజనాల బల్ల ఉంది, మీ నాయనమ్మ నానబెట్టిన చింతపండు కూడా ఉంది. చెబుతూ చెబుతూ నేనెటో వెళ్ళిపోతే మళ్ళీ పడవ దగ్గరికి లాక్కురావడం మీ పని.

మీ అత్తా మావయ్యా ఉండేది అమెరికాలో అట్లాంటా శివార్లలో కదా. అక్కడొక పెద్దాయన పెరట్లో, ఓక్ చెట్టు కింద, నిండా ఎండుటాకులతో పడి ఉన్న పాత స్పీడుబోటుని మావయ్య బేరమాడి కొనుక్కొచ్చాడు. 1950లలో అదే అట్లాంటాలో ఫెదర్ క్రాఫ్ట్ అనే కంపెనీ తయారుచేసిన అల్యూమినియం పడవ, మన మాటలో సత్తు పడవ. పద్నాలుగడుగుల పొడుగు. ముందు గాలికి అడ్డంగా అద్దం, కారుకున్నట్టే స్టీరింగు, వెనకాల మోటారు తగిలించే గోడ. ఆ వెనక గోడని వాళ్ళు ట్రాన్సమ్ అంటారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా అక్కడే ఉంది. గరాజులోకి పడవ వచ్చింది, కారు బయట వానపాలైంది. మీ అత్త ముందు విసుక్కుంది గానీ, తరవాత తనే గ్లవుజులు తొడుక్కుని పనిలోకి దిగింది. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ నాకూ అదే కాలక్షేపం.

ఆ రోజుల్లో అమెరికాలో ఇలాంటి పడవలు అన్నన్ని ఎందుకు పుట్టుకొచ్చాయో ముందు చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం విమానాలు చేయడం కోసం అల్యూమినియం కార్ఖానాలని విపరీతంగా పెంచేసింది. న్యూయార్కు పక్కన గ్రుమ్మన్ అని విమానాల కంపెనీ ఉండేది. వాళ్ళు చేసిన హెల్‌క్యాట్ యుద్ధ విమానాలే 12,000కి పైగా ఉంటాయి. ఆ కంపెనీలో విలియం హాఫ్‌మన్ అనే పెద్ద ఉద్యోగి 1944లో సెలవు పెట్టి కొండల్లో సరస్సుల మీద విహారానికి వెళ్ళాడు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి వెళ్ళాలంటే మధ్యలో పడవని భుజాన మోసుకుపోవాలి. ఆ కర్ర పడవ మోసి మోసి నడుం పడిపోయింది. విమానం రెక్కలు వంచే రేకుతోనే పడవ చేస్తే ఇంత బాధ ఉండదు కదా అనిపించిందాయనకి. యుద్ధం ముగిసేసరికి గ్రుమ్మన్ వాళ్ళు అల్యూమినియం పడవలు అమ్మడం మొదలుపెట్టారు. విమానాల పనిలో రేకుని సాగదీసి అచ్చు మీద వంచడం, రివెట్లు కొట్టడం చేయి తిరిగిపోయినవాళ్ళు కదా! ఆ దారినే ఇంకా ఎన్నో కంపెనీలు వచ్చాయి.

అదే కాలంలో నదులకి అడ్డంగా డ్యాములూ కట్టారు. అట్లాంటాకి ఎగువన చట్టహూచీ నది మీద 1950లలోనే బ్యూఫోర్డ్ డ్యాము కట్టారు. దాని వెనక నిండిందే లేక్ లేనియర్. మన నాగార్జున సాగరుకి శంకుస్థాపన జరిగింది కూడా ఆ రోజుల్లోనే, 1955లో. నీళ్ళు నిండాయి, జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, ఆదివారం సెలవు దొరికింది. ఇంక పడవలు రాకేం చేస్తాయి?

"ఇనుప మేకు నీళ్ళలో వేస్తే మునుగుతుంది కదా తాతా, రేకు పడవ ఎలా తేలుతుంది?" అని బుజ్జి అడిగేలోపే నేను చెప్పేస్తాను. ఇవాళ స్నానాల గదిలో మీరే చూడొచ్చు. సత్తు మూతని నిలువుగా నీళ్ళలో వదిలితే బుడుంగుమంటుంది. అదే సత్తుతో చేసిన గిన్నెని మెల్లిగా పెడితే తేలుతుంది. గిన్నె తన ఖాళీ కడుపుతో నీళ్ళని పక్కకి నెట్టి చోటు చేసుకుంటుంది. ఎంత నీటిని పక్కకి నెట్టిందో అంత బరువుని ఆ నీళ్ళు పైకి మోస్తాయి. పడవా, మోటారూ, ఎక్కిన మనుషులూ అంతా కలిసి 500 కిలోలనుకోండి. అది 500 లీటర్ల నీటిని పక్కకి జరిపేదాకా దిగి అక్కడ ఆగుతుంది. లీటరు నీళ్ళు కిలో బరువు కనక లెక్క చేతివేళ్ళ మీదే తేలిపోతుంది. ఇందులో అల్యూమినియం గొప్పేమిటంటే, ఒక లీటరు చోటులో పట్టే ఇనుము ఎనిమిది కిలోలకి కాస్త తక్కువ తూగితే, అల్యూమినియం 2.7 కిలోలే తూగుతుంది. అందుకే ఈ పడవ రేకు మందం రెండు మిల్లీమీటర్ల లోపే ఉన్నా, ఇంతమందిని మోస్తూ తేలిగ్గా ఉంటుంది.

తేలడం ఒక ఎత్తు, పరుగెత్తడం ఇంకో ఎత్తు. మామూలు పడవ నీటిని చీల్చుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ దాని ముందు ఒక అల లేస్తుంది. పడవ ఆ అల వెనక పల్లంలో ఇరుక్కుపోయి, తను లేపిన గట్టుని తనే ఎక్కలేక ఆయాసపడుతుంది. పద్నాలుగడుగుల పడవకి ఆ హద్దు గంటకి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. స్పీడుబోటు ఆ హద్దు దాటాలంటే నీటిని చీల్చడం మానేసి నీటి మీదకి ఎక్కాలి. మీరు చెరువులో చిల్లపెంకు విసిరి కప్పగంతులు వేయిస్తారే, అలాగన్నమాట. బల్లపరుపు అడుగుభాగం వాలుగా వచ్చి నీటిని కిందకి కొడుతుంది, నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. పడవ సగం పైకి లేచి నీటి చర్మం మీద జారిపోతుంది. ఇందుకే ఆ అడుగు రేకు చదునుగా ఉండడం అంత ముఖ్యం. వెనకవైపు అడుగున రేకు కాస్త కిందకి వంగినా, నీటి తోపుడు అక్కడ ఎక్కువై పడవ ముక్కుని నీళ్ళలోకి దించేస్తుంది. మావయ్య ఒక పొడుగాటి తిన్నని బద్ద తెచ్చి పడవ కింద పడుకుని, బద్దకీ రేకుకీ మధ్య సందులోంచి వెలుగు ఎక్కడ కనిపిస్తుందో టార్చి వేసి వెతికేవాడు. సొట్టలు పోగొట్టడానికి ఒకవైపు ఇసుక సంచీ ఆనించి, రెండోవైపు నుంచి రబ్బరు సుత్తితో తట్టేవాడు. ఆత్రంగా గట్టిగా కొడితే రేకు సాగుతుంది. సాగిన రేకు మళ్ళీ కుదించుకోదు, ఉబ్బుతుంది.

ఇప్పుడు చక్రవర్తి దగ్గరికి వద్దాం. ఫ్రాన్సుని మూడో నెపోలియన్ ఏలే కాలంలో, అంటే నూట అరవై, నూట డెబ్భై ఏళ్ళ కిందట, అల్యూమినియం ఆభరణాల లోహం. ముఖ్య అతిథులకి అల్యూమినియం చెంచాలు పెట్టి, తక్కినవాళ్ళకి బంగారు చెంచాలు పెట్టేవాడని చెప్పుకుంటారు. 1884లో అమెరికా రాజధానిలో వాషింగ్టన్ స్మారక స్తంభానికి శిఖరంగా పెట్టిన చిన్న అల్యూమినియం ముక్క మూడు కిలోలు కూడా లేదు. పైన పెట్టేముందు దాన్ని న్యూయార్కులో టిఫనీ నగల దుకాణంలో ప్రదర్శనకి ఉంచారు. జనం దాన్ని నేల మీద పెట్టించుకుని, ఇటునుంచి అటు దాటి, "వాషింగ్టన్ స్తంభం శిఖరం మీంచి దూకొచ్చాం" అని మురిసిపోయారట!

నేలలో ఎక్కడ తవ్వినా ఉండే లోహానికి అంత ఖరీదెందుకు? అది ఆక్సిజన్‌ని కావలించుకుని వదలదు. బొగ్గుతో కాలిస్తే ఇనుము విడివడుతుంది గానీ ఇది విడివడదు. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఇంటి వెనక కట్టెల పాకలో, అక్క జూలియా సాయంతో, కరిగించిన క్రయోలైటు అనే ఖనిజంలో అల్యూమినియం ఆక్సైడుని కలిపి కరెంటు పంపి లోహాన్ని విడదీశాడు. అదే ఏడు ఫ్రాన్సులో పాల్ హెరూ అదే పని చేశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఇద్దరూ 1863లోనే పుట్టారు, ఇద్దరూ 1914లోనే పోయారు. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ఆ తరవాత పన్నెండేళ్ళకే, 1898లో, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు చెన్నపట్నం స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. మన జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు కిందే కదా. చక్రవర్తి చెంచా అలా అలా మన పొయ్యి మీదకి సత్తు గిన్నె అయి వచ్చేసింది.

ఆక్సిజన్‌ని వదలదన్నానే, అక్కడే ఉంది కిటుకంతా. కొత్తగా గీరిన అల్యూమినియం మీదకి గాలి తగిలిన మరుక్షణంలో ఆక్సైడు పొర కట్టేస్తుంది. తుప్పు లాంటిదే అనుకోండి. కానీ ఇనుము తుప్పు ఉబ్బి, పొరలు పొరలుగా ఊడి, లోపలి లోహాన్ని మళ్ళీ మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. అల్యూమినియం పొర అలా కాదు. అతుక్కుని కూచుంటుంది. మందం చూస్తే కొద్ది నానోమీటర్లే. వెంట్రుక మందంలో అలాంటివి వేలకి వేలు పడతాయి. గట్టిదనం చూస్తే మాత్రం, కెంపూ నీలమూ ఏ పదార్థమో ఇదీ ఆ పదార్థమే! రాతిలో స్ఫటికంలా పెరిగి, చిటికెడు క్రోమియం కలిస్తే కెంపు. టైటానియం, ఇనుము కలిస్తే నీలం. నాయనమ్మ ఉంగరంలో రాయీ, వంటింట్లో గిన్నె పైపొరా చుట్టాలేనన్నమాట. చెట్టు కింద అన్నేళ్ళు వానకి తడిసినా ఆ పడవ మట్టిలో కలిసిపోలేదంటే ఆ పొర చలవే.

మరి ఆ పొరకి శత్రువులు లేరా అంటే ఉన్నారు. నాయనమ్మ సత్తు గిన్నెలో రోజూ నీళ్ళు కాస్తే లోపల నల్లబడుతుంది చూడండి. ఆ గిన్నెలోనే ఓరోజు చింతపండు పులుసు మరిగిస్తే లోపలంతా తెల్లగా తళతళలాడుతుంది. చింతపండులో పులుపు పై పొరని కరిగించేసిందన్నమాట. ఎటు కరిగిందంటారా? పులుసులోకే. అందుకే పులుసూ ఊరగాయా సత్తులో నిలవ ఉంచొద్దంటుంది నాయనమ్మ. ఆవిడ మాట అక్షరాలా సైన్సు. పులుపు ఒక శత్రువైతే, క్షారాల జాతి రెండో శత్రువు. చాకలి సోడా వేసి తోమితే గిన్నె కళ తప్పుతుంది. ఇంక కాస్టిక్ సోడా తగిలిందా, బుసబుస పొంగి హైడ్రోజన్ వాయువు వదులుతూ లోహాన్నే తినేస్తుంది. ఈ సంగతి తెలియకుండా పాత రంగు వదలగొట్టడానికి కాస్టిక్ మందు పడవకి పూస్తే రంగుతోపాటు రేకూ పోతుంది.

ఆ రంగు వదలగొట్టడమే పెద్ద పని. 1950ల నాటి రంగుల్లో సీసం ఉండొచ్చు. అడుగు పూతలో జింక్ క్రోమేటు అనే పసుపుపచ్చటి విషం ఉండొచ్చు. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని మీ అత్త నీళ్ళు చిలకరిస్తూ తడి మీదే రుద్దేది, ముఖానికి వడకట్టే మాస్కు ఉండేది, చిన్నపిల్లల్ని గరాజు దరిదాపులకి రానిచ్చేది కాదు. ఒకప్పుడు రంగు ఊడదీయడానికి మెథిలీన్ క్లోరైడ్ అనే ఘాటైన ద్రవం వాడేవారు. మూసి ఉన్న గదుల్లో దాని ఆవిరికి మనుషుల ప్రాణాలే పోయాయి. 2019లో అమెరికా ప్రభుత్వం రంగు ఊడదీయడానికి దాన్ని ఇళ్ళవాళ్ళకి అమ్మడం ఆపించింది. ఇనుప తీగల బ్రష్షు కూడా పనికిరాదు. మెత్తటి అల్యూమినియంలో ఇనుప రజను గుచ్చుకుని, తరవాత ఎర్రటి చుక్కలుగా తుప్పు తేలుతుంది. అసలు రంగు వేయకుండా అద్దంలా మెరుగుపెట్టి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. మంచినీటి సరస్సులో అదీ బాగానే నడుస్తుంది, కాకపోతే ఆ మెరుపు నిలవాలంటే ఏడాదికేడాది రుద్దుకుంటూ ఉండాలి.

రంగు పోయాక కారే చోట్లు చూడాలి. పడవని నీళ్ళలో పెట్టి లోపలికి నీళ్ళెక్కడ వస్తాయో చూడడం కష్టం. తిరగేసి ఆలోచించండి: పడవలోనే నీళ్ళు పోస్తే? ట్రెయిలరు మీద ఉంచి, నాలుగువేళ్ళ లోతు నీళ్ళు పోసి, కిందకి దూరి చూస్తే ఏ రివెట్టు చుట్టూ చెమ్మ పడుతోందో తెలిసిపోతుంది. అక్కడల్లా మైనం పెన్సిలుతో సున్నా చుట్టడమే. నిండా పోయకూడదు. నీళ్ళ బరువు లోపల్నించి తోస్తే ఆ రేకు తట్టుకోలేదు, అది బయటి నీటిని ఆపడానికి పుట్టింది.

వదులైన రివెట్టుని మళ్ళీ బిగించడం ఇద్దరి పని. బయట రివెట్టు తల మీద ఒకరు బరువైన ఉక్కు దిమ్మ ఆనించి పట్టుకోవాలి. లోపల రెండోవారు దాని తోక మీద సుత్తితో కొట్టాలి. తోక చితికి వెడల్పై రేకులు రెంటినీ అదిమి పట్టుకుంటుంది. దిమ్మ పట్టే పని నాకిచ్చారు. వదులు రివెట్టుని కొడితే ముందు డబ్‌డబ్‌మని బోలు చప్పుడు వస్తుంది. బిగిసేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి, చివరికి టంగుమంటుంది. ఆ దెబ్బ దిమ్మలోంచి నా మోచేతి దాకా వచ్చేది. కొన్నాళ్ళకి కళ్ళు మూసుకున్నా, చాలు, ఇది అయిపోయింది అని చెప్పగలిగాను. మన ఊళ్ళో ఇత్తడి బిందెలకి మాట్లు వేసే ఆయన సత్తు గిన్నె తెస్తే తల అడ్డంగా తిప్పేవాడు, గుర్తుందా? ఆ ఆక్సైడు పొర ఉన్నంతసేపూ మాటు అతకదు. అందుకే గిన్నె పిడికైనా పడవకైనా రివెట్లే గతి అయ్యాయి.

రివెట్టంటే గుర్తొచ్చింది, ఒక చిన్న పిడకథ. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన 1906లో అల్యూమినియంలో కాస్త రాగీ మెగ్నీషియమూ కలిపి, కాల్చి, చల్లార్చి చూశాడు. అనుకున్నంత గట్టిపడలేదు. సెలవు రోజులొచ్చాయి, పక్కన పడేశారు. తిరిగొచ్చి మళ్ళీ కొలిస్తే ఎవరూ ముట్టుకోకుండానే అది గట్టిపడి కూచుంది! లోపల పరమాణువులు మెల్లిగా సర్దుకుని, చిన్న చిన్న గుంపులు కట్టి, లోహం పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడ్డాయి. దాంతోనే తేలికైన లోహపు విమానాలు సాధ్యమయ్యాయి. మరి ఇదే గుణం రివెట్లకీ ఉంటే, కొట్టేలోపే గట్టిపడిపోతాయి కదా? అందుకని రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా విమానాల కార్ఖానాల్లో రివెట్లని ఐసుపెట్టెల్లో దాచేవారు. చల్లగా ఉన్నంతసేపూ పరమాణువులు కదలవు, మెత్తగానే ఉంటాయి. ఎంతోమంది ఆడవాళ్ళు ఆ చల్లటి రివెట్లు తీసుకుని గబగబా కొట్టేవారు. పడవల రేకులో మాత్రం ఎక్కువగా మెగ్నీషియమే కలుపుతారు. రాగి కలిస్తే గట్టిదనం వస్తుంది గానీ నీటి దగ్గర అది అక్కరకు రాదు.

ఎందుకు రాదో చెబితే ట్రాన్సమ్ దగ్గరికి వచ్చేస్తాం. ఆ వెనక గోడలో రేకుల మధ్య ఒక మందపాటి ప్లైవుడ్డు చెక్క ఉంటుంది. మోటారు బరువంతా దానిదే. ఆ పడవలో పాత చెక్క కుళ్ళిపోతే, ఎవరో అంతకుముందే కొత్త చెక్క వేయించారు. ఇది ఎన్నేళ్ళయినా కుళ్ళకూడదని, చెదా బూజూ పట్టకుండా మందు పట్టించిన చెక్క తెచ్చి వేశారు. మావయ్య దాన్ని బయటికి లాగేసరికి చెక్క దివ్యంగా ఉంది. దానికి ఆనుకున్న రేకు మాత్రం గుంటలు గుంటలుగా పోయి, వేలితో తుడిస్తే తెల్లటి పొడి రాలింది. వెనకనుంచి టార్చి వేస్తే సన్నసన్న చిల్లుల్లోంచి వెలుగు కనిపించింది.

ఆ మందులో ఉన్నది రాగి! అమెరికాలో ఇళ్ళకి వాడే చెక్కకి ఒకప్పుడు ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. 2004 నుంచి అది మానేసి రాగి ఇంకా ఎక్కువున్న మందులకి మారారు. మనుషులకి అది మంచి మార్పే. అల్యూమినియానికి మాత్రం ప్రాణాంతకం. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, మధ్యలో తడి ఉంటే, అక్కడొక బ్యాటరీ తయారవుతుంది. 1800లో వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త రాగి, జింకు బిళ్ళల మధ్య ఉప్పునీటి గుడ్డలు పెట్టి చేసింది ఇదే. అందులో బలహీనమైన లోహం కరిగిపోతూ బలమైనదాన్ని కాపాడుతుంది. రాగీ అల్యూమినియమూ జతపడితే ప్రతిసారీ కరిగేది అల్యూమినియమే.

దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యం ఉంది. 1895లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందెం కోసం రోడ్ ఐలండ్‌లో నథానియెల్ హెర్రెషాఫ్ 'డిఫెండర్' అనే పడవ కట్టాడు. ఆ రోజుల్లో ఆయన్ని మించిన పడవల రూపశిల్పి లేడు. బరువు తగ్గించాలని నీటి పైభాగానికి అల్యూమినియం రేకులు, నీటి కింద కంచు, లోపల ఉక్కు పక్కటెముకలు పెట్టాడు. పందెం గెలిచింది. కానీ మూడు లోహాలు, చుట్టూ ఉప్పు సముద్రం! పడవే ఒక పెద్ద బ్యాటరీ అయి కూచుంది. 1901 కల్లా దాన్ని విరగ్గొట్టి పారేయాల్సి వచ్చింది. హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తకి ఈ విద్య అంతకుముందే, 1824లోనే తెలుసు. ఇంగ్లండు యుద్ధనౌకల అడుగున తాపిన రాగి రేకుల్ని సముద్రపు నీరు తినేస్తుంటే, ఆయన వాటికి చిన్న చిన్న ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. ఆ ముక్కలు కరిగాయి, రాగి భద్రంగా ఉంది. కాకపోతే ఇంకో చిక్కొచ్చింది. రాగి కరగడం ఆగేసరికి నాచూ గుల్లలూ ఆ విషం లేక హాయిగా పట్టేసి ఓడల వేగం తగ్గించాయి. ఇవాళ్టికీ సముద్రంలో ఉండే పడవలకి జింకు ముక్కలూ, మంచినీటి పడవలకి మెగ్నీషియం ముక్కలూ తగిలిస్తారు. ఇంటికి లాక్కొచ్చేసే చిన్న పడవకి అంత అవసరం రాదు. జాగ్రత్తలు మాత్రం తప్పవు: నాచు పట్టకుండా వేసే రాగి రంగు దీనికి తగలకూడదు, అడుగున రాగి నాణెం పడి ఉండకూడదు, పాదరసమైతే చుక్క కూడా రాకూడదు. పాదరసం ఆ పొర కిందకి దూరి మళ్ళీ కట్టనివ్వదు. అందుకే విమానంలో పాదరసం మీద అంత కట్టడి.

అందుకే అంటాను, ఆ పడవని నీళ్ళు పాడుచేయలేదు, దానితో కలిపి పెట్టినవి పాడుచేశాయి. తడి చెక్క, రాగి, ఎండుటాకుల కింద ఏళ్ళ తరబడి ఆరని చెమ్మ. గాలి అందని చోట ఆ పొర తనని తాను బాగుచేసుకోలేదు. మరమ్మతంటే దాని చుట్టూ మంచి సావాసం ఏర్పాటు చేయడమే. చిల్లులు పడిన మేరకి అదే జాతి రేకు ముక్క పెట్టి, మధ్య సీలెంటు పూసి, అదే జాతి రివెట్లు కొట్టారు. కొత్త చెక్క మందు లేని మెరైన్ ప్లైవుడ్డు. దాని అంచులకీ, బోల్టుల కన్నాలకీ కూడా వదలకుండా ఎపాక్సీ పట్టించారు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. అది వేరే లోహమే అయినా పెద్ద అల్యూమినియం గోడలో చిన్న బోల్టు కనక నష్టం పరుచుకుపోయి స్వల్పమవుతుంది, పైగా చుట్టూ సీలెంటుంది. సీటు కింద నీళ్ళు పీల్చుకున్న పాత ఫోమ్ తీసేసి కొత్తది పెట్టారు. ఒక ఘనపుటడుగు ఫోమ్ ఇరవై ఏడు కిలోల దాకా తేలగట్టి ఉంచుతుంది, పడవ నిండా నీళ్ళొచ్చినా పూర్తిగా మునగనివ్వదు. ఆఖర్న రేకు శుభ్రం చేసిన వెంటనే ప్రైమరు, దాని మీద క్రీమూ ఎరుపూ రంగులు. ఇప్పుడది లేక్ లేనియర్ మీద తిరుగుతోంది, మీ అత్త నడుపుతోంది, అందరికీ లైఫ్ జాకెట్లున్నాయి.

ఇంత తంటా పడకుండా పాత సామాన్లకి అమ్మేయొచ్చు కదా అన్నాడు చంటాడు. అమ్మినా నేరం కాదురా. పాత అల్యూమినియం కరిగించడానికి, కొత్తది తీసేదాంట్లో ఇరవయ్యో వంతు కరెంటు చాలు. కానీ కొత్త లోహానికి కిలోకి పద్నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. 150 కిలోల రేకంటే సుమారు 2,000 యూనిట్లు. నెలకి 100 యూనిట్లు కాలే ఇంటికి అది ఏడాదిన్నర పైన సరిపోతుంది. దానికి తోడు టన్ను లోహానికి నాలుగైదు టన్నుల బాక్సైటు తవ్వాలి. ఆ బాక్సైటు మన తూర్పు కనుమల్లో, అరకు, చింతపల్లి కొండల నెత్తి మీద ఉంది. పక్కన ఒడిశాలో దమన్‌జోడి దగ్గర తవ్వి శుద్ధి చేస్తున్నారు. మన మన్యంలో ఆ కొండలు తవ్వొద్దని అక్కడి గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. రేకు ఎక్కణ్ణించి వస్తుందో తెలిస్తే, బాగుచేసి వాడుకోగలిగినదాన్ని బాగుచేసుకోవాలనే అనిపిస్తుంది నాకు.

సరే, మీకొక పని. రెండు గాజు గ్లాసుల్లో ఉప్పునీళ్ళు పోయండి. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు రెండు ముక్కలు కత్తిరించండి. ఒకదానికి కరెంటు వైరులో రాగి తీగ గీరి శుభ్రం చేసి గట్టిగా చుట్టండి, రెండోదాన్ని ఊరికే వదలండి. ఒక్కోటీ ఒక్కో గ్లాసులో ముంచి, వంటింటి కిటికీలో ఎవరూ ముట్టుకోని చోట పెట్టండి. కొన్నాళ్ళపాటు రోజూ పొద్దున్నే చూసి, ఏ ముక్కలో ముందు చిల్లులు పడ్డాయో, ఎక్కడ పడ్డాయో తేదీ వేసి నోటుపుస్తకంలో రాసి పెట్టండి. వచ్చే ఆదివారం ఆ పుస్తకం నాకు చూపించాలి.